నిన్న కూడా వచ్చినారు గదమ్మా

దయ్యాలంటే నాకు భయం లేదని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. నాది భయం లేకపోవడం కాదు, అసలు ఆ ఊసే లేకపోవడం. మాది బాప్టిస్టు కుటుంబం. మా ఇంట్లో ఆత్మ అంటే పరిశుద్ధాత్మ ఒక్కటే, మిగతావాటికి గుమ్మంలోకి ప్రవేశం లేదు. పైగా నేను విజయనగరంలో ఒక బళ్ళో డ్రాయింగ్ టీచర్ని. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి చెప్పేది ఒకటే మాట: ఉన్నది ఉన్నట్టు గియ్యండి, ఉంటుందనుకున్నది గియ్యకండి.

ఒకసారి మా బళ్ళో సైన్సు ల్యాబు బీరువాలోంచి చప్పుళ్ళు వస్తున్నాయని టీచర్లందరూ ఆ వరండాలో నడవడం మానేశారు. ఆ బీరువాలో అస్థిపంజరం ఉంది మరి. నేను వెళ్ళి తలుపు తీశాను. అస్థిపంజరం పక్కటెముకల మధ్య పందికొక్కు కాపరం పెట్టి నాలుగు పిల్లల్ని కూడా కంది. ఆ రోజు నుంచి బళ్ళో ఎక్కడ ఏ చప్పుడు వినిపించినా నాకే కబురు పెడతారు.

ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి "ఈవిడ ఇలాంటివి నమ్మే మనిషి" అని ఎవరూ అనుకోకూడదని.

మా మావయ్య, అంటే మా ఆయన నాన్నగారు, మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఒక పెట్టె కెమెరా ఉండేది. సెలవు దొరికితే చాలు, సైకిలేసుకుని, బస్సెక్కి, రెండు జిల్లాల్లో ఉన్న పాత కట్టడాలన్నీ ఫొటోలు తీసేవారు. మనుషుల్ని మాత్రం తీసేవారు కాదు. "నలభై ఏళ్ళ కాపరంలో నన్ను మూడుసార్లు ఫొటో తీసేరు, అందులో రెండుసార్లు గోడ ఎంత ఎత్తో తెలియాలని నిలబెట్టేరు" అని మా అత్తయ్య పోయేదాకా చెప్పుకుంది.

మావయ్య పోయాక ఆ ఫొటోలున్న బిస్కెట్ల డబ్బా మా ఇంటికి వచ్చింది. ప్రతి ఫొటో వెనకా ఊరి పేరు, పొద్దుటా సాయంత్రమా అన్నది రాసి ఉంటుంది. ఆయన ఎక్కడ నిలబడి తీశారో మాత్రం రాయలేదు.

రెండేళ్ళ క్రితం మా చర్చి వార్షికోత్సవానికి పాస్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. మావయ్య తీసిన ఫొటోల్లో నాలుగు తీసుకుని, ఆయన నిలబడిన చోటే నిలబడి ఇప్పుడు మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి హాల్లో ప్రదర్శించాలని. ఆలోచన మంచిదే. కానీ ఆయన ఆదివారం ప్రసంగం అయ్యాక, అందరి ముందూ, ఆ పని సునీతమ్మ గారూ గ్రేసమ్మ గారూ కలిసి చేస్తారని ప్రకటించేశారు.

సునీతని నేను. గ్రేస్ మా వదిన, అంటే మా ఆయనకి అక్క. అప్పటికి నాలుగేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ సంగతి పాస్టరు గారికి బాగా తెలుసు. తెలిసే చేశారు. దేవుడి మందిరంలో, అంతమంది ముందు, లేచి నిలబడి కాదనడం ఎలా? నేను ఆవిడ కాదంటుందేమోనని చూశాను. ఆవిడ నేను కాదంటానేమోనని చూసింది. ఈలోగా అందరూ చప్పట్లు కొట్టేశారు.

మాటలు పోవడానికి కారణం కూడా ఫొటోయే. మా అమ్మాయి పెళ్ళిలో, స్టేజీ మీద కుటుంబమంతా కలిసి గ్రూపు ఫొటో దిగాం. మొత్తం పద్నాలుగు మందిమి ఉండాలి. ఆల్బమ్ వచ్చాక చూస్తే పదమూడుగురే ఉన్నారు. గ్రేస్ వదిన లేదు. సొంత మేనకోడలి పెళ్ళి ఫొటోలో మేనత్త లేదు. కావాలనే వదిలేశారంది. మేమెవరం గమనించలేదన్నాం. మా ఆయన వెళ్ళి బతిమాలారు. మా అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. వదిన తలుపు తీసింది గానీ నోరు తీయలేదు. నేను కూడా, సందడిలో చూడలేదని అందరికీ చెప్పాను. పాస్టరు గారికీ అదే చెప్పాను.

సరే, ఫొటోలు నా దగ్గరున్నాయి. మంచి కెమెరా, స్కూటీ ఆవిడ దగ్గరున్నాయి. ఒకరు లేకుండా ఇంకొకరికి పని జరగదు.

మొదటి శనివారం ఉదయం వదిన వచ్చి మా గేటు ముందు హారను కొట్టింది. నేను వెళ్ళి వెనక కూర్చున్నాను. ఇద్దరి మధ్యా కెమెరా సంచి పెట్టింది, గోడలాగా. వదిన పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ గొంతుకి భయపడి నయమైపోయిన రోగులున్నారని చెప్పుకుంటారు. అలాంటి మనిషి మాట్లాడకుండా బండి నడుపుతుంటే వెనక కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. దారి చెప్పాలంటే నేను గాలితో చెప్పేదాన్ని, "ఇక్కడ కుడివైపు తిరిగితే దగ్గర" అని. ఆవిడ గాలితోనే, "మాకు తెల్సు, ఈ ఊర్లోనే పుట్టేం" అనేది.

మొదటి ఫొటో గంటస్తంభం. ఈ పని చూసినంత సులువు కాదని అక్కడ తెలిసింది. పాత ఫొటోలో స్తంభం అంచు వెనకున్న మేడ పిట్టగోడని ఎక్కడ తాకుతోందో, ఇప్పుడు కూడా అక్కడే తాకాలి. ఒక అడుగు ఎడమకి జరిగితే సందు తెరుచుకుంటుంది, కుడికి జరిగితే మూసుకుపోతుంది. అందుకని నేను పాత ఫొటో మీద పారదర్శకంగా ఉండే షీటు పెట్టి, గీతలన్నీ గీసుకుని తెచ్చాను. దాన్ని కంటి ముందు పట్టుకుని చూస్తూ, గీతలన్నీ కలిసేదాకా జరుగుతూ ఉండాలి. ఆటోల మధ్యలో ఒకావిడ కాయితం అడ్డం పెట్టుకుని పీతలా పక్కకి నడుస్తుంటే జనం ఆగి చూశారు.

అరగంటకి అర్థమైంది, మావయ్య ఈ ఫొటో కింద నుంచి తీయలేదు, ఏదో మేడ మీద నుంచి తీశారని. ఎదురుగా ఒక పాత మేడ ఉంది. పైన టైలరు షాపు. చెక్క మెట్లెక్కి పైకి వెళ్ళాం. మెడలో టేపు వేసుకున్న పెద్దాయన మిషను తొక్కుతున్నాడు. నేను ఇంకా నోరు విప్పలేదు.

"మళ్ళీ వచ్చినారేటమ్మా? నిన్న తీసింది సరిగ్గా రానేదేటి?" అన్నాడు.

ఎవరో అనుకుంటున్నాడని, మేం రావడం ఇదే మొదటిసారని చెప్పాను. ఆయన నవ్వేసి, లేచి, కిటికీ దగ్గరున్న రెండో మిషనుని పక్కకి లాగాడు. "నిన్న మీరే కదా ఇది జరపమన్నారు. ఇదిగో, ఇక్కడ గుర్తు కూడా పెట్టుకున్నారు" అన్నాడు.

కిటికీ గట్టు మీద టైలరు సుద్దతో, నీలంగా, ఒక ప్లస్ గుర్తు, దాని చుట్టూ సున్నా. పిల్లల డ్రాయింగ్ షీట్ల మీద, మొదలుపెట్టాల్సిన చోట నేను పెట్టే గుర్తు అది. అందులోనూ సున్నా పూర్తిగా కలపకుండా, కుడివైపు కొంచెం వదిలేస్తాను. ఇక్కడా వదిలేసి ఉంది.

షీటు తీసి, గుర్తు మీద మోచెయ్యి ఆనించి చూశాను. స్తంభం, మేడ, పిట్టగోడ అన్నీ ఒక్కసారిగా కలిసిపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై ఆరేళ్ళలో నా చేత్తో గీసిన గీత కూడా అంత బాగా కలవలేదు.

వదిన ఫొటో తీసింది. దిగేటప్పుడు టైలరు ఊరుకోలేదు. "నిన్న ఇద్దరూ నవ్వుకుంటా వచ్చినారు, నవ్వుకుంటా ఎల్లినారు. ఇవాళేటి, దెబ్బలాడుకున్నారా?" అన్నాడు.

వదిన నా వంక చూడకుండా ఆయనతో అంది, "అయ్యా, నిన్న ఈవిడతో వచ్చిందెవరో కొంచెం అడిగి పెట్టండి."

నేనూ ఆయనతోనే అన్నాను, "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను బళ్ళో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. ఆవిడెక్కడుందో ఆవిడనే అడగండి."

"నేను నిన్న ట్యాంకు కడిగించేను, ఇంట్లో" అంది వదిన, గోడకేసి.

టైలరు ఒకసారి ఆవిడ వంక, ఒకసారి నా వంక చూసి, వెళ్ళి తన పని చేసుకున్నాడు. కింద షాపులో సీసీ కెమెరా ఉంటే వెళ్ళి అడిగాను. పాడైపోయి పదిహేను రోజులైందన్నారు.

నేను నిజం చెప్పాలి. దారంతా నేను అనుకున్నది ఒకటే, వదిన ముందే వేరే ఎవర్నో తీసుకొచ్చి, నా గుర్తు కాపీ కొట్టించి, నన్ను వెర్రిదాన్ని చేస్తోందని. ఆవిడ నా గురించి సరిగ్గా అదే అనుకుందట.

రెండోది కోట పడమటి గుమ్మం. మళ్ళీ శనివారం వెళ్ళాం. ఆ ఫొటోలో గుమ్మం చాలా పెద్దదిగా, మీద పడేటట్టు కనిపిస్తుంది. ఎక్కడ నిలబడినా అలా రావడం లేదు. వెనక్కి వెళ్తే చిన్నదైపోతోంది, ముందుకి వెళ్తే పక్క బురుజు పోతోంది. గంటసేపు ఎండలో తిరిగి, పక్కనున్న చెరుకురసం బండి దగ్గర ఆగాం.

బండతను అడక్కుండానే రెండు గ్లాసులు పట్టాడు. "పెద్దమ్మకి అల్లం ఎయ్యనేదు, మీకు నిమ్మకాయ రెండు బద్దలు పిండేను" అన్నాడు.

వదినకి అల్లం పడదు. నాకు నిమ్మకాయ ఎక్కువ ఉండాలి.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"నిన్న సెప్పినారు గదా. ఈ ఎండలో ఏటమ్మా అలా తిరగతన్నారు? నిన్న ఆ కల్వర్టు గట్టు మీద కూకుని తీసుకున్నారు గదా, అక్కడే కూకోండి."

వెళ్ళి కూర్చున్నాను. షీటు పెట్టి చూస్తే గీతలు కలిశాయి. అప్పుడు వదిన ఒక్కసారిగా నుదురు కొట్టుకుంది. "నాన్నగారి కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని, వంగి పై నుంచి సూసేవారు. కంటి దగ్గర కాదు" అంది. నిజమే. పెట్టె కెమెరాలు అలాగే పట్టుకుంటారు. అందుకే గుమ్మం అంత పెద్దగా వచ్చింది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ బండతనికి తట్టే అవకాశమే లేదు.

ఫొటో తీశాక వదిన కెమెరా సంచిలో పెట్టి, జిప్పు వేసి, మొదటిసారి నా మొహం చూసి మాట్లాడింది.

"నువ్వు వచ్చేవా నిన్న?"

"లేదు. నువ్వొచ్చేవా?"

"లేదు."

నాలుగేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలవి. సంతోషించే పరిస్థితిలో ఇద్దరం లేం.

భయం సంగతి ఎలా ఉన్నా, వదిన నర్సు. ముందు రోగం పేరు కనుక్కోవాలంటుంది. ఆవిడ లెక్కలో ఇది వేరే చర్చివాళ్ళ పని. మా ప్రదర్శన సంగతి తెలిసి, మాలాంటి ఆకారాలున్న ఇద్దరు ఆడవాళ్ళని ముందే పంపిస్తున్నారు. నేను బక్కగా పొడుగ్గా ఉంటాను, ఆవిడ పొట్టిగా బొద్దుగా ఉంటుంది, ఇలాంటి జత ఏ చర్చిలోనైనా దొరుకుతుందంది. మరి నా గుర్తో? అల్లం సంగతో? "అదీ కనుక్కుంతాను" అంది. నాలుగు రోజులు ఊరంతా ఆరా తీసింది. ఏ చర్చిలోనూ ఎవరికీ మా ఫొటోల గొడవే తెలియదు. ఒక చర్చివాళ్ళయితే, ఆలోచన బాగుంది, మేమూ చేస్తామన్నారట. మా పాస్టరు గారు నొచ్చుకున్నారు.

బుధవారం పొద్దున్న ఆరింటికి వదిన నాకు ఫోన్ చేసింది. "లే. సీర కట్టుకో. ఎక్కడికో నీకు సెప్పను, నువ్వు మీ ఆయనకి సెప్పకు" అంది. మిగిలిన రెండు ఫొటోలూ, వాటి షీట్లూ సంచిలో వేసుకుని, బళ్ళో సెలవు చెప్పి బయలుదేరాను. బండి నెల్లిమర్ల దారి పట్టాక గానీ రామతీర్థమని నాకు తెలియలేదు. మేం వెళ్తున్నట్టు ఆ పూట దేవుడికి, వదినకి తప్ప ఎవరికీ తెలియదు.

అక్కడ మావయ్య ఫొటో తీసింది రాములవారి కొండని కాదు, బౌద్ధుల కాలం ఇటుక గోడలు మిగిలిన కొండని, కింద నుంచి. మేం వెళ్ళేసరికి ఎనిమిదిన్నర అయింది. కొండ దారి మొదట్లో ఒకావిడ టీ కొట్టు పెట్టుకుని ఉంది. మా స్కూటీ ఆగడం చూసి రెండు గ్లాసులు కడగడం మొదలెట్టింది.

"ఒకటి పంచదార లేకండా, ఒకటి రెండు సెంచాలతోటి. నిన్నట్లాగే గదమ్మా?" అంది.

వదినకి పంచదార జబ్బు. నాకు రెండు చెంచాలు.

వదిన స్టాండు వేసి, దిగి, తిన్నగా వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. రోగి మందు మింగాడో లేదో అడిగే గొంతుతో అడిగింది. "ఇలా సూడు. నిన్న వచ్చినోళ్ళు మేమేనా? మాలాంటోళ్ళా? సరిగ్గా సూసి సెప్పు."

"మీరేనమ్మా. నీ గెడ్డం మీద పుట్టుమచ్చ నాకు కనపడదేటి? నిన్న ఆ బల్ల మీదే కూకున్నారు. ఈ పొడుగమ్మ ఏడిసింది, నువ్వు నీళ్ళు పట్టించినావు."

"ఎందుకు ఏడిసింది?" అంది వదిన.

టీ కొట్టావిడ నా వంక చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. నాకేం తెలుసు? నేనూ వినడానికే నిలబడ్డాను.

"అదే, పెళ్ళిలో ఫొటో తీసీటప్పుడు నువ్వు లేవని సూసినాది గదా. సూసీ కూడా, కానియ్ బాబూ, తీసీ అన్నాదంట. నువ్వుంటే అందరి మీదా అరుస్తావని. ఆ మాట సెప్పి ఏడిసినాది. మరి నిన్న నీతోనే గదా సెప్పినాది?"

ఇక్కడ ఆగి ఒక విషయం రాయాలి. అది నిజం.

ఆ రోజు స్టేజీ మీద నేను అందర్నీ లెక్కపెట్టాను. పదమూడుగురు ఉన్నారు. వదిన లేదని నాకు తెలుసు. పొద్దున్నుంచి ఆవిడ వంటవాళ్ళ మీద, పూలవాళ్ళ మీద, మా వియ్యంకుడి మీద అరుస్తూనే ఉంది. రెండు నిమిషాలు ప్రశాంతంగా ఒక ఫొటో దిగుదామనుకున్నాను. అంతే. ఫొటోగ్రాఫరుతో "కానియ్ బాబూ" అన్నాను. ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా ఆ మాట తప్పించుకుని, చుట్టూ తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ఈ భూమి మీద అది తెలిసిన మనిషి నేనొక్కదాన్నే.

వదిన నా వంక చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, ఇంకేం అడగలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళి, స్కూటీ తీసి, తిప్పి, వెళ్ళిపోయింది. దుమ్ము కూడా లేచింది.

టీ కొట్టావిడ కొట్టులోంచి బయటికొచ్చింది. "అదేటి? నిన్న ఇలాగ ఎల్లనేదే!" అంది. ఏదో నా వల్లే తప్పు జరిగినట్టు.

నేను ఆ బల్ల మీద కూర్చున్నాను. ఒక చేతిలో మావయ్య ఫొటో, ఒక చేతిలో షీటు. ఏడుపు రాలేదు. ఆటో ఎక్కడ దొరుకుతుందా, మా ఆయనకి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. నలభై నిమిషాలకి స్కూటీ చప్పుడైంది.

వదిన బండి ఆపి హెల్మెట్ తీసింది. "పెట్రోలు కొట్టించుకోడానికి ఎళ్ళేను" అంది. పొద్దున్న మా గేటు దగ్గర చూశాను నేను, ట్యాంకు నిండా ఉంది.

నా పక్కన కూర్చుంది. కొండ వంక చూస్తూ చెప్పింది. "నేనెక్కడికీ ఎళ్ళలేదు సునీతా ఆ రోజు. స్టేజీ పక్క స్తంభం ఉంది సూడు, పూలదండలు సుట్టింది, దాని ఎనకాతలే నిలబడ్డాను. ఎవరైనా పిలుస్తారా లేదా సూద్దామని. పెళ్ళంతా అరుస్తానే ఉన్నాను గదా, నేను లేకపోతే ఎవరికైనా తెలస్తాదా అనిపించింది. నువ్వు లెక్కెట్టడం సూసేను. ఏలుతో లెక్కెట్టేవు. ఇప్పుడు పిలస్తాది, ఇప్పుడు పిలస్తాది అనుకున్నాను."

నేను వేలుతో లెక్కపెట్టడం ఆవిడ చూసింది. అది తెలిసి కూడా నాలుగేళ్ళు ఎవరితోనూ అనలేదు. "మా తమ్ముడి భార్య అబద్ధం చెబుతోంది" అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, మా ఇంట్లో నా పరిస్థితి వేరేగా ఉండేది. అనలేదు.

అప్పుడు ఏడుపొచ్చింది. సారీ చెబుదామనుకున్నాను, అది రాలేదు, "పిలవాల్సింది వదినా" అని మాత్రం వచ్చింది. వదిన నా వీపు మీద గట్టిగా నాలుగు దెబ్బలు వేసింది, కఫం పట్టిన రోగికి వేసినట్టు. నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది.

టీ కొట్టావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి వదిన చేతిలో పెట్టింది. "ఆ, ఇదిగో, ఇదే. నిన్నా ఇలాగే" అంది, కుదుటపడి.

ఆవిడ చూపించిన రాయి మీద నిలబడి, కెమెరా పొట్ట దగ్గర పెట్టి తీశాం. షీటు పెట్టి చూశాను. ఇటుక గోడ అంచు, కొండ భుజం, మెట్ల వంపు, అన్నీ కలిశాయి.

ఆ తర్వాత వారం మేమిద్దరం ముగ్గురి దగ్గరికీ మళ్ళీ వెళ్ళాం. వదిన మా చర్చిలో ఆడవాళ్ళందరి ఫొటోలూ ఫోనులో వేసుకొచ్చి చూపించింది. టైలరు ఒక్కొక్కటీ చూసి, మా ఇద్దరి ఫొటోల దగ్గరే వేలు పెట్టాడు. చెరుకురసం అతనూ అంతే. టీ కొట్టావిడకి కొంచెం కోపం కూడా వచ్చింది. "ఎన్నిసార్లు సెప్పాలమ్మా, మీరే. నానేటి గుడ్డిదాన్నా?" అంది. ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ముగ్గురూ అబద్ధమాడడానికి కారణం లేదు. అయినా సుద్ద గీత అబద్ధమాడదు కదా.

ఇక మిగిలింది నాలుగోది, కళింగపట్నం దీపస్తంభం. అంత దూరం స్కూటీ వద్దని శ్రీకాకుళం బస్సెక్కాం. నాలుగేళ్ళ మాటలు బాకీ ఉన్నాయేమో, ఇద్దరం ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాం. ఎచ్చెర్లలో యూనివర్సిటీ పిల్లలు ఎక్కి, మా వెనక సీట్లో కూర్చుని, రెండు నిమిషాలకే లేచి ముందుకి వెళ్ళిపోయారు. శ్రీకాకుళంలో బస్సు మారి, సముద్రం దగ్గర దిగేసరికి పదకొండయింది.

దిగగానే ఇద్దరం నాలుగువైపులా చూశాం. ఎవరూ పలకరించలేదు. కొబ్బరిబొండాల అతని దగ్గరికి వెళ్ళి, ఏమంటాడా అని ఎదురుగా నిలబడ్డాం. "లేతదా, ముదరదా?" అన్నాడు. అంతే. వదిన మొహం చిన్నబోయింది. నాకూ అలాగే అనిపించింది, ఎందుకో చెప్పలేను. మూడుచోట్ల ఎవరో ముందే వచ్చి దారి చూపించి, ఇక్కడ మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయినట్టు.

మూడు గంటలు వెతికాం. షీటు పెట్టుకుని నేను ఇసకలో పక్కకి నడుస్తుంటే, వదిన "కూకో", "లే", "ఇంకొంచెం ఎనక్కి" అని అరుస్తూనే ఉంది. ఎంత చేసినా స్తంభం గీత కలిస్తే పక్క చెట్ల వరస కలవదు. చివరికి తెలిసిందేమంటే, ఇంకా వెనక్కి వెళ్ళాలి. వెనక సముద్రం ఉంది. మావయ్య నిలబడిన ఇసక ఇప్పుడు లేదు. వదిన చీర ఎత్తి కట్టి, మోకాళ్ళ లోతు దిగి, కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని తీసింది. అలొచ్చి కదిపేసింది. ప్రదర్శనలో ఆ నాలుగో ఫొటో ఒక్కటే పాతదానితో కలవదు. పాస్టరు గారు ఎందుకని అడిగితే, మిగతావి ఎలా కలిశాయని అడగండి, దీన్ని అడక్కండి అన్నాను.

బస్సు టైమైంది. ఒడ్డున ఒక పెద్దాయన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దున్నుంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. వదినకి మనసొప్పలేదు. తడి చీరతో వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"తాతా, మేం నిన్న ఇక్కడికి వచ్చినామా?"

ఆయన చేతిలో దారం ఆపి, తలెత్తి, ఆవిడని కింద నుంచి పైదాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మీరు వచ్చినారో నేదో మీకే తెలకపోతే నాకెలాగ తెలస్తాదమ్మా?" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయమైన మాటే. రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను.